తెల్దు అని రాసుకోండి

ఆదివారం కౌతాళం నుంచి ఆదోనికొస్తూ
ఉరుకుందు కొడుకుని బండి ముందర కూర్చోబెట్టుకున్నా.
దారి పొడుగునా వాడు నా రొమ్ముకానుకొని నిద్రపోయినాడు.
ఒళ్లు కాలుతాంటే ఎండనుకున్నా.
మంగళవారం తెల్లారేసరికి వాళ్ల వాకిట్లో వేపమండ.

మార్కెట్ యార్డులో వేబ్రిడ్జి కాడ నా ఉద్యోగం.
పత్తి బండి నిండుగా ఎక్కితే ఒక అంకె,
ఖాళీగా ఎక్కితే ఒక అంకె,
తీసేస్తే మిగిలేది సరుకు.
తెల్దు అనే మాటకు ఆ చీటీలో జాగా లేదు.

"చిన్నప్పుడు నీకు అమ్మవారు పోసిందా?"
డాక్టరమ్మ అడిగింది.
నోరు తెరిచి, మూసినా.
ఆ సంగతి చెప్పాల్సిన మనిషి
పోయి ఆరేండ్లు.

"తెలియకపోతే సూది వేయించుకో.
మూడు దినాల్లోపలైతే మేలు,
ఐదు దాటితే నేనేం చెప్పలేను.
బయట కొనుక్కోవాల. రెండు సూదులు, నెల ఎడం."
రెండు సూదులంటే
నాకు పది దినాల జీతం.

ఇంట్లో మరదలు పురిటికొచ్చిండాది, ఎనిమిదో నెల.
దానికెప్పుడూ పోయలేదని మా అత్త ఒట్టేసి చెప్తాది.
ఇప్పుడు దానికి ఈ సూది వేయకూడదంట.
శివలీలకైతే తొమ్మిదేండ్లప్పుడే వచ్చిపోయింది,
కనుబొమ్మ పక్కన మచ్చ చూపిస్తాది,
ఇంటిపన్ను కట్టిన రసీదు చూపించినట్ల.

ఇప్పుడప్పుడే నీనుంచి అంటదులే అని డాక్టరమ్మ చెప్పినా
ఆ రాత్రి వేబ్రిడ్జి గదిలోనే పండుకున్నా.
"అమ్మ రావాలనుకుంటే సూది ఆపుతాదా?"
హమాలీ నాగేంద్ర బీడీ ముట్టిచ్చుకున్నాడు.
"పెద్దోళ్లకొస్తే మంచం దిగనీదన్నా,
మా బావకు రొమ్ములోకి దిగింది"
టీ గ్లాసులు కడుగుతా మాబాషా.
ఇద్దరూ నా మేలు కోరేవాళ్లే.

యెమ్మిగనూరుకు ఫోన్ చేసినా.
అక్క చానాసేపు ఆలోచించింది.
"మనింట్లో పోసింది ఒకరికే రా.
నీకో, రుద్రకో."

రుద్ర నాకంటే రెండేండ్లు చిన్నోడు.
నాలుగో ఏట, నీళ్లతొట్టిలో.

తర్వాత అక్క మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు.
ఫోన్లో వాళ్ల మగ్గం చప్పుడు.

ఎడమ చెవి కింద నాకొక గుంటుంది, కందిగింజంత.
గోలీలాటలో రాయి తగిలిందని అందరికీ చెప్పుకున్నా,
నేనూ నమ్మినా.
తలకు నూనె పెట్టేటప్పుడు మాత్రం
అమ్మ వేలు అక్కడికొచ్చి రవ్వంతసేపు ఆగేది.
రాయి దెబ్బకైతే
అన్నేండ్లు ఎందుకాగుతాది?
లేకుంటే ఆ వేలు
నా తలమీద ఇంకొకరి తలను వెతుక్కునేదా?

"ముందే వచ్చిపోయింటే?
అయినా వేయించుకుంటే ఏమన్నా అవుతాదా మేడం?"
"ఏం కాదయ్యా. వచ్చినా ఒకటే, రాకున్నా ఒకటే."

ఆమెకు ఒకటే.

బుధవారం మధ్యాహ్నం
మందు సీసా, మంచుముక్కల కవరు
రొమ్ముకదుముకొని నడిచినా,
మొన్న వాడు తల పెట్టిన చోటే.
చొక్కా తడిసింది.
నర్సమ్మ పేరడిగింది, వయసడిగింది,
"ముందు వచ్చిందా?"
"తెల్దు అని రాసుకోండి."
ఆమె "లేదు" అని రాసింది.
సూది దిగేటప్పుడు నేను ఆ రెండక్షరాలనే చూస్తాన్నా.

సాయంత్రం ఉరుకుందు ఇంటి ముందర
బండి ఆపకుండా పోదామనుకున్నా.
కిటికీ చువ్వల్లోంచి వాడు కేకేసినాడు,
ఒళ్లంతా పసుపు, మూతికి మజ్జిగ మీసం.
"మామా! నాకు నూటపదకొండు, లెక్కబెట్టినా!
నీకెన్ని?"

"నాకా? ఒకటేరా" అన్నా.
చెయ్యి సగం లేచింది.
భుజం కాడికి పోవాల్నో
చెవి కిందికి పోవాల్నో
దానికీ తెలిసినట్ల లేదు.